పుట్టి పందెంలో నేను మార్చిన మాట

తుంగభద్రలో ఒకప్పుడు పుట్టి పందేలు జరిగేవని చెబితే ఇప్పటి ఆదోని కుర్రవాళ్లు నవ్వుతారు. పుట్టి అంటే గుండ్రటి పెద్ద బుట్ట. వెదురు బద్దలతో అల్లి, కింద ఎనుము, అంటే గేదె, తోలు బిగించి ఏట్లో వదులుతారు. దానికి ముందూ వెనకా ఉండవు. మనం ఎటు మొహం పెట్టి కూర్చుంటే అదే ముందు. అలాంటి దానితో పందెమేమిటని నేనూ మొదట నవ్వినవాణ్ణే. తర్వాత ఒక పందెంలో కూర్చున్నాను, ఓడిపోయాను, ఓడిపోయినందుకు ఒక అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం ఒక మనిషికి అన్నం పెట్టే రేవును అతని కాళ్ల కింద నుంచి లాగేసింది. నాకిప్పుడు యాభై దగ్గర పడుతోంది. ఆ పందెం గురించి మా బజారులో చెప్పుకునే కథ నేను పుట్టించిందే కనుక, దాన్ని సరిదిద్దవలసిందీ నేనే.

అప్పటికి ఎగువన డ్యాం కట్టి ఒకటో రెండో ఏళ్లయింది. మాకు ఆంధ్ర రాష్ట్రం వచ్చింది గాని, ఏటికి అవతల ఇంకా హైదరాబాదు రాష్ట్రమే. మా వైపు జనం అవతలి గట్టును మొగలాయి గట్టు అనేవారు. మాది ఆదోనిలో పత్తి వ్యాపారం. పెళ్లికాని ఇరవై రెండేళ్ల కొడుకు గద్దె మీద కూర్చుని ఆవలిస్తుంటే చూడలేక, నాన్న నన్ను ఎమ్మిగనూరులో మేనత్త ఇంటికి పంపాడు. ఏటి పక్క పల్లెలు తిరిగి పత్తి చేలు ఎలా ఉన్నాయో చూసి ఉత్తరం రాయడం నా పని. రాసేది రెండు వాక్యాలు, తిరిగేది రోజంతా. ఆ తిరుగుడులోనే రేవు పరిచయమైంది. ఆ రేవున్న ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు ఇది చదివితే వాళ్లకే తెలుస్తుంది.

రేవులో పుట్టి నడిపే అతనికి నలభై ఏళ్లుంటాయి. ఎండిన చింతబరికలా సన్నగా, గట్టిగా ఉండేవాడు. పుట్టింది మొగలాయి గట్టున. ఈ ఊరి పిల్లను చేసుకుని ఇల్లరికం వచ్చి పదిహేనేళ్లయింది. నేను మొదటిసారి పుట్టి ఎక్కి అటూ ఇటూ సర్దుకుంటుంటే తెడ్డు ఆపి నా వైపు చూశాడు.

"కదలాకు సెట్టప్పా. నువ్వు కదిల్తే ఇది తిరుగుతాది. ఇది తిరిగితే నీకు తల తిరుగుతాది. నీకు తల తిరిగితే నా పుట్టి కంపయితాది."

నేను కదల్లేదు. అయినా అతను చెప్పినదంతా వరసగా జరిగింది. ఆ రోజు అతనే పుట్టి కడుక్కున్నాడు. మర్నాటి నుంచి నేను కనబడితే చాలు, "ఈ పొద్దు ఏం తిన్నావు సెట్టప్పా? సెప్పినాకే ఎక్కు" అనేవాడు.

పందెం కార్తీకంలో పెట్టేవారు. పొద్దు పొడుస్తుండగా మంత్రాలయానికి ఎగువనున్న ఒక రేవులో బయలుదేరి, పొద్దు గుంకే లోపల మా రేవు చేరాలి. పది కోసుల దూరమని చెప్పుకునేవారు. ఏరు వంకర్లు లెక్కేస్తే ఇంకా ఎక్కువే ఉంటుంది. గట్టుకు రెండు చొప్పున నాలుగు పుట్లు. గెలిచినవాడికి ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన జరీ అంచు రుమాలు చుట్టేవారు. అంతే బహుమతి. ఆ రుమాలు చుట్టుకున్నవాడు మాత్రం ఏడాది పొడుగునా తల దించేవాడు కాదు.

ఈ పందేనికి ఒక వింత కట్టుబాటు ఉండేది. పుట్టి నడిపేవాళ్లంతా రెండు గట్ల మీదా ఒకరికొకరు అన్నదమ్ములు, బావలు, బామ్మర్దులు. వాళ్లకే వదిలేస్తే ఎవరు గెలవాలో ముందు రోజే మాట్లాడుకుంటారని పెద్దల అనుమానం. ఆ అనుమానం ఊరికే రాలేదు. ఒక ఏడాది నాలుగు పుట్లూ తాడుతో కట్టుకుని, బీడీలు పంచుకుంటూ, పాటలు పాడుకుంటూ ఒకేసారి రేవుకు వచ్చాయట. అప్పటి నుంచి ప్రతి పుట్టిలోనూ వాళ్లకు చుట్టం కాని మనిషి ఒకడు ఉండి తీరాలన్నారు. అతన్ని సాక్షి అనేవారు. సాక్షి ఊరికే కూర్చోడు, వెనక తెడ్డు వెయ్యాలి. రేవు చేరాక మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, దోసిట్లో నీళ్లు పట్టుకుని, దారిలో జరిగింది చెప్పాలి. అతను చెప్పిందే చెల్లుతుంది. పుట్టివాడు దానికి ఎదురు మాట్లాడకూడదు.

ఆ ఏడాది మా పుట్టికి అనుకున్న సాక్షికి చలిజ్వరం పట్టుకుంది. పుట్టివాడు నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వు రా సెట్టప్పా. బరువు ల్యావు, దూది లెక్కుండావు."

"నాకు ఈత రాదప్పా."

"మునిగితే గదా ఈత? నా పుట్టి మునగదు."

ఇంట్లో చెబితే అత్తకు పందెం సంగతి పట్టలేదు, ఎనుము తోలు సంగతి పట్టింది. "పొద్దుగూకులూ ఆ తోల్లో కూసుంటావా? ఇంట్లోకి రాకముందే పెరట్లో నీళ్లు పోసుకో. ఆ గుడ్డలు ఏటికే ఇచ్చి రా" అంది. గుడ్డలన్నీ ఇచ్చేస్తే ఇంటికి ఎలా రావాలో మాత్రం చెప్పలేదు.

నాలుగు రోజులు నాకు తెడ్డు నేర్పాడు. తిరిగే పుట్టిలో కుడి, ఎడమ అన్న మాటలు పనికిరావు. అందుకని అతనివి రెండే మాటలు. మా రేవున్న ఈ వైపుకు పోవాలంటే "మన గట్టుకు" అనేవాడు. ఆ వైపుకు పోవాలంటే "ఆవలి గట్టుకు" అనేవాడు. ఆ మాట ప్రకారం తెడ్డు వెయ్యడమే నా పని. గొర్రెల కాపరులు గట్టు మీద నిలబడి, ఉన్నచోటే గిరగిర తిరుగుతున్న మమ్మల్ని చూసి ఈలలు వేసేవారు. నాలుగో రోజుకు పుట్టి తిన్నగా పోవడం మొదలుపెట్టింది. నాకు ఆదోనిలో పెద్ద దుకాణం తెరిచినంత గర్వం కలిగింది.

పందెం ముందు రోజు పుట్లను ఎడ్ల బండ్ల మీద బోర్లించి ఎగువ రేవుకు చేర్చారు. తెల్లవారుజామున అందరికీ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టారు. పుట్టివాడు నన్ను బజ్జీ ముట్టుకోనివ్వలేదు. "నీకు ఒట్టి ఉగ్గానే. నీ కత నాకు తెల్సు" అన్నాడు.

మాకు అసలు పోటీ మొగలాయి గట్టు పుట్టితో. దాన్ని నడిపేది ఎవరో కాదు, మావాడి సొంత తమ్ముడు. వాళ్ల సాక్షి అవతలి ఊరి బడిపంతులు. ఆయన పుట్టిలోకి గొడుగు తెచ్చుకున్నాడు. బయలుదేరగానే తమ్ముడు అందుకున్నాడు.

"అన్నా, నీ సెట్టిని ఈడనే దించిపో! పత్తి తడిస్తే బరువెక్కుతాది!"

"ముందు మీ అయ్యవారి గొడుగు ముయ్యమను! గాలికి ఆయప్ప రాయచూరుకు పోతాడు!"

పంతులు గొడుగు ముయ్యలేదు. "ఎండ నా పుస్తకంలో లేదు" అన్నాడు గంభీరంగా. ఆ మాటకు అర్థమేమిటో నాకు ఈనాటికీ తెలియదు.

మిగిలిన రెండు పుట్లూ మధ్యాహ్నానికే వెనకబడ్డాయి. ఒక పెద్ద మడుగులో నీళ్లు కదలకుండా ఉంటే మేమిద్దరం పక్కపక్కనే పోవలసి వచ్చింది. తమ్ముడు ఒక గుడ్డ మూట విసిరితే అన్న గాల్లోనే పట్టుకున్నాడు.

"మన అమ్మ పంపిచ్చింది. జొన్నరొట్టె, సెనిక్కాయల పొడి."

"మన అమ్మకు కాలు నొప్పి తగ్గిందా?"

"తగ్గింది. మన ఎనుము ఈనింది. మన ఇంటి ఎనక గోడ వానకు పడింది, మల్లా కట్టినాం."

పందెం మధ్యలో ఈ క్షేమ సమాచారాలేమిటని నాకు మంట పుట్టింది. సాక్షిని కదా అని పంతులు వైపు తిరిగి, "అయ్యా, పందెంలో సద్ది పంచుకోవచ్చునా?" అని అడిగాను. ఆయన అప్పటికే రొట్టె నములుతున్నాడు. "నాకు అభ్యంతరం లేదు" అన్నాడు. నాకూ ఒక ముక్క వచ్చింది. తిన్నాను. బాగుంది. కాని చెవుల్లో ఆ మాటలే తిరుగుతున్నాయి: మన అమ్మ, మన ఎనుము, మన ఇల్లు. వాళ్లిద్దరి నోటా ఆ మధ్యాహ్నం 'మన' అన్నదంతా ఆవలి గట్టునే ఉంది.

రేవు ఇంకా కోసు దూరం ఉందనగా ఏరు ఒక రాళ్ల తిప్ప దగ్గర రెండుగా చీలుతుంది. మా వైపు పాయ లోతు. అవతలి పాయ దగ్గరి దారే గాని, నీళ్ల కింద రాళ్లుంటాయి. తమ్ముడు మాకంటే పది బారలు వెనక ఉన్నాడు. నీళ్ల హోరు మొదలైంది. మా పుట్టి ఒక సుడిలో పడి సగం తిరిగింది. ఇప్పుడు నేను ముందున్నాను, అతను వెనకున్నాడు. వెనక నుంచి కేక వేశాడు.

"మన గట్టుకు! సెట్టప్పా, మన గట్టుకు!"

నాలుగు రోజులు విన్న మాటే. కాని ఆ క్షణంలో నాకు ఎనుమూ గోడా గుర్తొచ్చాయి. ఇతని 'మన' అంటే ఆవలిదే అనుకున్నాను. తెడ్డు అటువైపు వేసి, ఉన్న బలమంతా పెట్టి లాగాను. అతను ఒక వైపుకు, నేను ఇంకో వైపుకు లాగితే పుట్టి బొంగరంలా తిరిగి ఆవలి పాయలోకి జారి రాయెక్కింది. తోలు చిరిగిన చప్పుడు హోరులో కూడా వినబడింది. అతను నా రెక్క పట్టుకుని రాతి మీదికి లాగి కూర్చోబెట్టాడు. తమ్ముడు మా పక్క నుంచే లోతు పాయలోకి దూసుకుపోతూ, "బతికుండారా?" అని అరిచాడు. పంతులు గొడుగు ఎత్తి పలకరించాడు.

తోలుకు గుడ్డ కుక్కి, చిప్పతో నీళ్లు తోడిపోస్తూ మేము చివరివాళ్లుగా రేవు చేరాం. గట్టు మీద ఊరంతా ఉంది. నా పంచె ఒళ్లంతా అతుక్కుపోయింది, ఒక చెప్పు ఏట్లో పోయింది, జుట్టు నిండా నాచు. ఎవరో, "తడిసిన దూది బస్తా దిగింది రోయ్" అన్నారు. జనం విరగబడి నవ్వారు. పందెం తీర్పు చెప్పే ఊరి పెద్దాయన ఆ నవ్వు ఆగకముందే అడిగాడు.

"సాక్షీ, సెప్పు. ముందుండిన పుట్టి రాయెట్ల ఎక్కింది?"

నేను నీళ్లలో నిలబడి దోసిలి పట్టాను. తెడ్డు తప్పు వేశానని చెబితే ఆ నవ్వు రెట్టింపవుతుంది. నోరు తెరిచేదాకా అబద్ధం చెప్పాలని అనుకోలేదు. తెరిచాక మాత్రం ఆగలేదు.

"ఈయప్ప 'మా గట్టుకు' అన్నాడు. అటే తిప్పినాను" అన్నాను.

మన అన్న మాట మా అయింది. తగ్గింది ఒక్క అక్షరమే. 'మన' అంటే వినేవాణ్ణి కూడా కలుపుకున్నట్టు. 'మా' అంటే వాణ్ణి బయట నిలబెట్టినట్టు. రేవులో నవ్వు ఆగిపోయింది. తమ్ముడి కోసం, పుట్టిన గట్టు కోసం పందెం అమ్ముకున్నాడని అందరికీ అర్థమైపోయింది. పెద్దాయన పుట్టివాడి వైపు చూశాడు. అతను నా వైపు చూశాడు. చాలాసేపు కూడా కాదు.

"సాక్షి సెప్పినాక నాదేముండాది" అని తన తలగుడ్డ విప్పి పిండి, మొహం తుడుచుకోమని నాకిచ్చాడు.

వచ్చే పందెం దాకా అతని పుట్టి మా గట్టును తాకకూడదని తీర్పు చెప్పారు. అతను తమ్ముడి దగ్గర చేరి అవతలి నుంచి నడపసాగాడు. ముసలి తల్లిని వదిలి భార్య అటు పోలేక ఇక్కడే ఉండిపోయింది. అతను జనాన్ని మా వైపు మోకాళ్ల లోతు దాకా తెచ్చి నీళ్లలోనే దించేవాడు. వాళ్లు చీరలూ పంచెలూ ఎగ్గట్టుకుని, అతన్ని తిట్టుకుంటూ గట్టెక్కేవాళ్లు. మెల్లగా చాలామంది ఇంకొకరి పుట్టి ఎక్కడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం భార్య నీళ్లలో నడిచిపోయి అతని చేతికి సద్ది ఇచ్చి వచ్చేది.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. నేను ఆదోని పోయి, పత్తి బజారులో ఆ కథ చెప్పడంలో మునిగిపోయాను. దళారీలు చుట్టూ చేరి, "ఏదప్పా, ఆ పుట్టివాడు ఎట్లన్నాడో మల్లా ఒగసారి అను" అనేవాళ్లు. నేను అతని గొంతుతో "మా గట్టుకు!" అని అరిచేవాణ్ణి. నాకు కథ చెప్పడం వచ్చునని అప్పుడే తెలిసింది. నెల తిరిగేసరికి, మాటిచ్చి తప్పినవాణ్ణి "వాడు మా గట్టు మనిషిలేప్పా" అనడం బజారులో అలవాటైపోయింది. ఈమధ్య కూడా ఆ మాట విన్నాను. అన్నవాడు ఆ పందెం నాటికి పుట్టనే లేదు.

మాఘంలో మళ్లీ ఎమ్మిగనూరు వెళ్లాను. సంతలో వెల్లుల్లి బేరం చేస్తుంటే వెనక నుంచి పిలుపు వచ్చింది.

"ఏం సెట్టీ, బాగుండావా? ఆదోని బజార్లో అరిసి అరిసి గొంతేమీ పోలేదు గదా?"

పుట్టివాడి భార్య. చంకలో ఖాళీ గంప. పక్కనున్నవాళ్లకు కూడా వినబడేట్టే మాట్లాడింది.

"పత్తిలో నీళ్లు సల్లే సేతులని తెల్సు గానీ, మాటలో గూడా సల్తారని తెల్దప్పా."

"అమ్మా, నేను..."

"నువ్వుండప్పా, నేను సెప్తాను. ఆయప్ప మా ఇంటికొచ్చిన కొత్తల్లో 'మీ ఊరు, మీ ఊరు' అంటాండె. కొన్నేండ్లకు 'ఈ ఊరు' అన్నె. నా కొడుకు పుట్టినంక ఒగ పొద్దు 'మన ఊరు' అన్నాడు. మా యమ్మ ఆ పొద్దు పాయసం సేసింది, తెల్సా? ఆ మాట రానీకి అన్నేండ్లు పట్టింది. నువ్వు ఒగ గుటకలో మింగేస్తివి."

గంప మార్చుకుని వెళ్లిపోయింది. వెల్లుల్లి అమ్మే ముసలాయన, "తీసుకుంటావా, పోతావా?" అని అడిగాడు. నేను పోయాను.

వెంటనే రేవుకు పోయానని రాస్తే బాగుంటుంది. కాని పోలేదు. రెండు సంతలు గడిచేదాకా అటు తొక్కలేదు. మూడో వారం, పెద్దాయన రేవు దగ్గర ఉంటాడని తెలుసుకుని వెళ్లాను. జనం బాగానే ఉన్నారు. అతని పుట్టి కూడా అప్పుడే వచ్చి మోకాళ్ల లోతులో ఆగి ఉంది. అతను నీళ్లలో నిలబడి దాన్ని పట్టుకున్నాడు.

"ఏం సెట్టీ, పందేనికి ఇప్పుడే వచ్చినావా? ఇంగా శానా నెలలుండాది" అన్నాడు పెద్దాయన.

నేను పంచె ఎగ్గట్టి ఏట్లోకి దిగాను. దోసిట్లో నీళ్లు పట్టాను.

"ఆ పొద్దు ఈ అన్న 'మన గట్టుకు' అన్నాడు. 'మా గట్టుకు' అన్నాడని నేను అబద్ధం సెప్పినాను. తెడ్డు తప్పేసింది నేను. నవ్వుతారని ఆ మాట సెప్పినాను."

తర్వాత వెనక నుంచి ఒక గొంతు నిదానంగా లెక్క తేల్చింది. "అంటే పుట్టిని రాయెక్కిచ్చింది సెట్టా?"

అప్పుడు నవ్వారు. నేను మూడు నెలలు తప్పించుకున్న నవ్వంతా ఒక్కసారే పడింది. ఒకడు నవ్వలేక గట్టు మీద కూర్చున్నాడు. పెద్దాయన మాత్రం నవ్వలేదు.

"జనం నవ్వు తప్పిచ్చుకోనీకి మాతో తప్పుడు తీర్పు సెప్పిచ్చినావు. ఇట్లాంటి సాక్షి మాకు ఇంగొద్దు. ఇంగ ఏ పందెంలోనూ నువ్వు పుట్టెక్కేది లేదు" అని, పుట్టివాడి వైపు తిరిగి, "మేమూ నిన్ను ఒగ మాట అడిగింటే బాగుండు. ఏమప్పా, ఈ సెట్టికి ఇంగేం శిక్ష వెయ్యమంటావు?" అన్నాడు.

"అది తర్వాత సూద్దాం. ముందు ఈ పుట్టిని గట్టుకు లాగమను సామీ. మూడు నెలలాయె, నీళ్లలో నిలబడి నిలబడి నా కాళ్లు నానిన సెనగల్లెక్క ఉండాయి."

తాడు నా చేతికిచ్చాడు. లాగాను. పుట్టి ఇసుక మీదికి వచ్చి, ఒకసారి ఒరిగి కుదురుకుంది. అతని భార్య పైన నిలబడి చూసింది. దిగి రాలేదు. "తిండికి ఇంటికే రా" అని మాత్రం మొగుడితో అని వెళ్లిపోయింది.

ఆదోనిలో మాత్రం ఇంత కూడా చేయలేకపోయాను. ఆ బజారులో మోకాళ్ల లోతు నీళ్లు లేవు, అడిగేవాళ్లూ లేరు. కథ మానేశాను గాని తప్పని చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆ మనిషి మాట తప్పలేదు. మన గట్టుకనే అన్నాడు. ఈ గట్టునే అన్నాడు.

ఆ రోజు రేవులో మాటలన్నీ అయ్యేదాకా ముగ్గురు ఆడవాళ్లు గంపలు పట్టుకుని నిలబడే ఉన్నారు. వాళ్లలో ఒక ముసలామెకు ఓపిక అయిపోయింది.

"తీర్పులయితే పుట్టి పోతాదా? నా కోడలికి నొప్పులొస్తాండాయి ఆడ!"

"ఎక్కవ్వా, ఎక్కు" అని అతను వాళ్లను కూర్చోబెట్టి నా వైపు తిరిగాడు. "ఇది పందెం గాదులే. నువ్వూ ఎక్కు. ఎనక తెడ్డు పట్టు. ఏం తిన్నావో సెప్పినాకే."

రెండు రొట్టెలు తిన్నానని చెప్పి ఎక్కాను. ఏటి నడిమికి పోయేసరికి నా తెడ్డు తడబడి పుట్టి రెండు చుట్లు తిరిగింది. ముసలామె గంపను కావిలించుకుంది.

"ఎవురప్పా ఈ పిల్లోడు? బొంగరం తిప్పినట్ల తిప్పుతాండాడు!"

"మన సెట్టప్పే, అవ్వా" అన్నాడు అతను తెడ్డు ఆపకుండా. "కొంచిం నిదానంగా నేర్సుకుంటాండాడు."